పొగమంచులో చాచిన చెయ్యి

“రత్నమ్మా!”

పొగమంచులోంచి ఎవరో పిలిచారు.

సీతారత్నం ఠక్కున ఆగిపోయింది. పక్కనున్న ఆడపడుచు వెంకటరావమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అది వాళ్ల ఊరు నరసరావుపేట కాదు. నేపాల్ దేశంలో బీర్‌గంజ్ అనే ఊరు. ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లంతా టాంగా బళ్లెక్కి ముందే వెళ్లిపోయారు.

పశుపతినాథుడి దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నారు. ఖర్చు కలిసొస్తుందని యాత్ర మేనేజరు త్యాగరాజు తమ బస్సును సరిహద్దుకు మన వైపున్న రక్సౌల్‌లోనే ఉంచి, అందరినీ ఆ దేశపు బస్సులో తిప్పాడు. ఆ బస్సు తెల్లవారాక బీర్‌గంజ్‌లో దించింది. వంతెన దాటితే మన దేశమే. నడిచే దూరానికి టాంగా దండగని వదినామరదళ్లు ఇద్దరూ మూటలతో నడక మొదలుపెట్టారు.

కాసేపటికి మంచు ఊరిని మింగేసింది. వంతెన ఎటో తెలియలేదు.

పొద్దెక్కేలోపు రక్సౌల్‌లో బస్సు కదులుతుంది. రానివాళ్ల కోసం ఆగేది లేదని త్యాగరాజు ముందే చెప్పాడు. ఆ బస్సు తప్పితే చేతిలో డబ్బు లేదు, నోట్లో భాష లేదు.

త్యాగరాజు ఇంకో మాట కూడా చెప్పాడు. ఇక్కడి మోసగాళ్లు మనం ఒకరినొకరు పిలుచుకునే పేర్లు విని, ఆ పేర్లతోనే పిలుస్తారట. యాత్రికుల వెంట తిరిగి నాలుగు తెలుగు ముక్కలు కూడా నేర్చుకుంటారట.

“పలక్కు. వినపడనట్టు నడువు” అంది వెంకటరావమ్మ.

వెనక అడుగుల చప్పుడు. వీళ్లు జోరు పెంచారు. అదీ జోరు పెంచింది.

“పేట అమ్మా, ఆగు. దారి అది కాదు.”

వచ్చీరాని తెలుగు. సీతారత్నం వదినకి దగ్గరగా జరిగింది.

“ఊరి పేరు కూడా పట్టేశాడు వదినా.”

“పట్టడా మరి! దారి పొడుగునా మా పేట, మా పేట అని ఊదరగొట్టింది నువ్వేగా.”

మంచులోంచి మనిషి బయటికొచ్చాడు. పొట్టివాడు. భుజాన గొంగళి. నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసేసరికి సీతారత్నానికి భయం ఇంకా ఎక్కువైంది.

అతను చెయ్యి చాచి వెంకటరావమ్మ నెత్తిమీది మూట పట్టుకున్నాడు.

చప్పిడి కూడు తినలేమని పేట నుంచి తెచ్చుకున్న కారప్పొడి డబ్బా సీతారత్నం చేతిసంచిలో ఉంది. మూత లాగి, గుప్పెడు కారం అతని ముఖాన కొట్టింది.

“అమ్మా!” అంటూ అతను కూలబడ్డాడు.

తిట్టలేదు. ఎవరినీ పిలవలేదు. ఒక చేత్తో కళ్లు మూసుకుని, రెండో చెయ్యి ఎడమ వైపుకి చాచాడు.

“వంతెన ఇటు.”

“అటు వెళ్లామా, వీడి ముఠా కాచుకుని ఉంటుంది. పదవే” అంది వెంకటరావమ్మ.

ఇద్దరూ కుడి వైపుకి పరుగెత్తారు.

ఇళ్లు అయిపోయాయి. రోడ్డు మట్టిబాట అయింది. తర్వాత బాటే లేదు. చుట్టూ తెల్లటి మంచు, కాళ్ల కింద తడిసిన గడ్డి. ఎక్కడో కుక్కలు మొరుగుతూ దగ్గరికొస్తున్నాయి.

వెంకటరావమ్మ మూట కింద పడేసి కూర్చుంది.

“ఇక్కడ పోతే మన శవాలు ఏ ఊరివో చెప్పే దిక్కు కూడా ఉండదు రత్నం.”

సీతారత్నం ఆమెను లేపి, తమ అడుగుల జాడ వెతుక్కుంటూ వెనక్కి నడిపించింది.

అతను అక్కడే ఉన్నాడు.

గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు వాచి మూసుకుపోయాయి. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఎడమ వైపుకే చాచి ఉంది.

అడుగుల చప్పుడు విని అన్నాడు.

“వచ్చారా అమ్మా? ఇటే. తిన్నగా పొండి.”

సీతారత్నం ఆగింది. సంచిలో నీళ్ల మరచెంబు ఉంది. దాని మీదికి చెయ్యి పోయింది.

“నీకు మతి ఉందా?” అని వెంకటరావమ్మ ఆమెను లాక్కుపోయింది.

కాస్త దూరంలోనే వంతెన కనిపించింది. అవతల రక్సౌల్‌లో బస్సు ఇంజను ఆడుతూ ఉంది. వీళ్లు ఎక్కగానే కదిలింది.

ఊపిరి నిలదొక్కుకున్నాక వెంకటరావమ్మ జరిగిందంతా చెప్పింది. బస్సంతా నవ్వారు. గుంటూరు మిరపకాయ నేపాల్ దాకా పేరు తెచ్చుకుందని త్యాగరాజు మెచ్చుకున్నాడు. పేటకొచ్చాక కూడా వెంకటరావమ్మ ఆ సంగతి ఇంటింటికీ చెప్పింది. విన్నవాళ్లంతా సీతారత్నం ధైర్యాన్ని పొగిడారు.

సీతారత్నానికి మాత్రం కూర కలిపేటప్పుడు కారం డబ్బా మూత తీస్తే, ఆ చాచిన చెయ్యి కళ్లముందు ఆడేది.

చలి తగ్గి, వీధిలో పత్తి బళ్ల రద్దీ మొదలైన రోజుల్లో, ఒక పొద్దున నేపాలీ మనిషి ఒకడు గుమ్మం ముందు నిలబడ్డాడు.

“రత్నమ్మగారు మీరేనా అమ్మా? మీరిద్దరూ క్షేమంగా ఇల్లు చేరారా అని మా అన్న అడగమన్నాడు. మంచులో దారి తప్పారంట కదా.”

సీతారత్నం తలుపు పట్టుకుంది.

“మీ అన్న కళ్లు ఎలా ఉన్నాయి?”

“ఒక కన్ను సరిగా కనపడటం లేదమ్మా. సెలవుకి ఇంటికొచ్చిన అన్న ఇంక ఇటు రాడు. ఇక్కడి పని, పక్క ఊళ్లో చేసుకుంటున్న నాకు అప్పజెప్పాడు.”

ఏమయిందని అడిగితే అన్న చెప్పలేదట. ఈ ఇంటికి వెళ్లి అమ్మలు చేరారో లేదో కనుక్కోమని మాత్రం చెప్పాడట.

“ఆయనకి నేనెలా తెలుసు బాబూ?”

అతను ఆశ్చర్యంగా ఆమె ముఖంలోకి చూశాడు.

“మీరంతా తలుపులేసుకుని పడుకున్నాక, ఇన్నేళ్లూ ఈ వీధిలో ఈల ఊదుకుంటూ కాపలా తిరిగిన గూర్ఖా మా అన్నే కదమ్మా.”