ఏడో లైనులో ఎర

“మళ్లీ ముట్టుకున్యాడు!” కంప్యూటర్ ముందు కూర్చుంటూనే పళ్లు కొరికింది జీవిత.

“ఎవురు మే?” పక్క కుర్చీలోంచి అడిగింది అల్ఫియా.

“ఇంకెవురు, ఫర్హాన్. నిన్న నేను నాలుగుంబావుకే జమ్మలమడుగు బస్సెక్కినా. నా ప్రోగ్రామేమో ఐదుకు సేవైంది. ఆ టైములో ల్యాబులో ఉండేది ఆయప్ప ఒక్కడే. నన్ను చూస్తే మొగం తిప్పుకుంటాడు, ఎందుకంటావ్?”

ప్రొద్దుటూరు కాలేజీ ల్యాబు కంప్యూటర్లన్నిటిలో ఆ సెమిస్టర్‌లోనే కాలిక్యులేటర్ భాష పెట్టారు. లెక్క ఎలా చేయాలో లైను లైనుగా రాసిస్తే, అంకెలు మార్చినప్పుడల్లా దానంతటదే కొత్త జవాబు చెబుతుంది. ఫర్హాన్‌తో సహా క్లాసంతటికీ లాగిన్ ఒక్కటే, ఫోల్డరూ ఒక్కటే. మైలవరం డ్యాం నీళ్లు ఎన్నాళ్లకు సరిపోతాయో చెప్పే ప్రోగ్రాము జీవితది. రోజూ సాయంత్రం కొన్ని లైన్లు రాయడం, బస్సు తప్పుతుందని రాసింది రాసినట్టే సేవ్ చేసి పరిగెత్తడం. పొద్దున నడిపితే జవాబు సరిగ్గా వచ్చేది. వారం వారం పదికి పది.

సోమవారం పులివెందుల నుంచి ఎగ్జామినర్ వస్తున్నాడు. ఒకే ప్రోగ్రాము ఇద్దరి దగ్గర కనబడితే ఇద్దరికీ సున్నా. తన కష్టం పరాయివాడు తినిపోతుంటే ఊరుకోవడానికి ఆమేమైనా సత్రం నడుపుతోందా?

ఆ సాయంత్రం చివరి లైన్లు రాసి, ఏడో లైనులో కూడిక గుర్తు తీసేసి తీసివేత పెట్టింది. మొత్తం ప్రింటు తీసుకుంది.

“కాపీ కొట్టినోడి కాడ ఈ తప్పు గూడా ఉంటాది సూడు,” అంది అల్ఫియాతో.

మర్నాడు తెరిచి చూస్తే ఏడో లైనులో మళ్లీ కూడిక! జీవితకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఫర్హాన్ దగ్గరికి వెళ్లింది.

“ఏమప్పా, నా ప్రోగ్రాము ముట్టుకున్యావా?”

దొంగకు తేలు కుట్టినట్టు గమ్మునుంటాడనుకుంటే, అతను తలూపాడు. “దిద్దినా. తప్పుండె.”

“ఉంటే నాకు చెప్పాల గదా?”

“మొదట్లో ఒకసారి చెప్పబోతే అరిస్తివి.”

“కాపీ కొట్టేకి సాకులా?”

“నాది సిమెంటు లెక్క. డ్యాం నీళ్లతో నాకేం పని?”

“అది నేను కావాలని పెట్టిన తప్పు, నిన్ను పట్టుకునేకి! పా, సార్ దగ్గరికి!” ప్రింటు అతని ముందు విసిరింది.

ఫర్హాన్ కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు. “అన్నీ కావాలనే పెట్టినావా?”

“అన్నీ ఏంది?”

అతను పెన్సిల్ తీసి నాలుగు తప్పులకు సున్నాలు చుట్టాడు.

జీవిత కావాలని పెట్టింది ఒక్కటే.