కార్డులో పేరున్నంత వరకు

"కార్డు మీద చర్మానికి చూడమమ్మా," అంది కౌంటర్లో అమ్మాయి.

మార్తమ్మ చాచిన ఆరోగ్యశ్రీ కార్డును వెనక్కి తీసుకోలేదు.

"గుండెకి చూస్తారంట, కిడ్నీకి చూస్తారంట. తోలేం పాపం చేసింది? అదీ దేవుడిచ్చిందేగా."

ఆ అమ్మాయి నవ్వాపుకుంది. "మాది ఉత్త క్లినిక్కండీ. ఇక్కడ మంచాలు లేవు. రోగిని చేర్చుకునే పెద్దాసుపత్రిలో అడగండి."

పొద్దున్నే పామర్రులో బస్సెక్కి వచ్చిన మనుషులు. విజయవాడలో ఏ వీధిలో చర్మం డాక్టరు బోర్డు కనిపిస్తే ఆ మెట్లెక్కడం, ఇదే మాట విని దిగడం. మార్తమ్మ మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. పక్కన హెలెన్ చున్నీని మెడ దాకా కప్పుకుని నిలబడింది. వీపు నిండా, చేతుల నిండా నీటిపొక్కులు. చితికిన చోటల్లా పచ్చిపుండు. నోట్లో కూడా లేచాయేమో, గంజి మింగినా కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి.

బయటికొచ్చాక హెలెన్ మెట్ల మీదే కూలబడింది.

"ఇంటికెళ్లిపోదాం అమ్మా. ఫిన్నీకి ఫోన్ చేసి చెప్పేస్తా, పెళ్లొద్దని."

"చెప్పడానికి నువ్వెవరివే? అడిగింది అతను. మాటిచ్చింది నేను."

"వాళ్లమ్మ ఇది అంటురోగమంటోందంట."

"అననీ. కాదని డాక్టరు నోటితో చెప్పిస్తా. ముందు లే. పెళ్లయిందంటే నీ పేరు మన కార్డులోంచి తీసేస్తారు. వాళ్ల కార్డులో ఎక్కేదాకా నీకు వైద్యం ఎక్కడ? నా కార్డులో ఉండగానే నిన్ను బాగుచేసి పంపాలి."

అప్పుడు ఫోన్ మోగింది. ఫిన్నీయే. కంకిపాడులో ఏసీలు బాగుచేసే కుర్రాడు, పనిమీద ఆసుపత్రులన్నీ తిరుగుతుంటాడు.

"ఆంటీ, పటమటలో ఒకచోట చర్మానికి కూడా చేర్చుకుంటారంట. కార్డు తీసుకుంటారు. ఇప్పుడే కనుక్కున్నా. ఆటో ఎక్కండి, నేనూ వస్తున్నా."

"నిజంగా కనుక్కున్నావా నాయనా, ఏసీ మీదెక్కి విన్న మాటా?"

"డాక్టర్నే అడిగానాంటీ."

ఆ డాక్టరు పేరు ఛాయాదేవి. వాళ్లు వెళ్లేసరికి భోజనానికి లేవబోతున్నదల్లా, హెలెన్‌ను చూసి మళ్లీ కూర్చుంది. చున్నీ తనే మెల్లగా తొలగించి, వీపు చూసి, నోరు తెరవమని చూసింది. మొహం చిట్లించలేదు. పొద్దుట్నుంచీ ఆ పిల్ల ఒంటిమీద అలా చెయ్యివేసిన మనిషి లేదు మరి.

"ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

"మా పిల్లండీ. నా కొడుకు యేసుకుమార్ పొలంలో మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఆసుపత్రి మొహం కూడా చూడలేదు. ఈ పిల్లనైనా దక్కించండమ్మా."

"దక్కుతుంది. ఆలస్యమైతే కష్టమయ్యేది. ఇది అంటుకునే జబ్బు కాదు. చేర్చుకుని, సెలైన్‌లో మందు ఎక్కించాలి. పొక్కులు మానాక కూడా నేను చెప్పేదాకా మాత్రలు మానకూడదు. కార్డు మీద చేస్తాం."

మార్తమ్మ రెండు చేతులూ జోడించింది. తలుపు దగ్గర నిలబడిన ఫిన్నీ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

హెలెన్‌ను వార్డులో చేర్చారు. మార్తమ్మ మంచం పక్కనే మకాం పెట్టింది. పెరుగన్నం మెత్తగా పిసికి, చల్లార్చి, చెంచాతో పెట్టేది. పామర్రు నుంచి పక్కింటి శౌరమ్మ చూడ్డానికొచ్చి, వరండాలోకి లాక్కెళ్లి చెవి కొరికింది.

"నీ మోకాళ్లకి ఏనాడన్నా ఆసుపత్రికొచ్చావా? రేపు వేరే గడప తొక్కే పిల్ల కోసం ఇంత తాపత్రయమెందుకే మార్తా?"

"వెళ్లేదని పుండ్లతో పంపనా వదినా? గేదెని అమ్మినా కడిగే అమ్ముతాంగా."

శౌరమ్మ వెళ్తూ వెళ్తూ తెచ్చిన బత్తాయిలు హెలెన్ తల దగ్గర పెట్టి, నుదుటి మీద సిలువ గుర్తు వేసింది.

ఫిన్నీ పని అవగానే కొబ్బరిబోండాలతో వచ్చేవాడు. ఒకరోజు తల్లిని కూడా తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోతే, ఛాయాదేవి అందరి ముందూ చేతితొడుగు తీసేసి హెలెన్ చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పింది. అది చూసి ఆవిడ లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. పెళ్లిచీర ఏ రంగు కావాలని అడిగింది.

పొక్కులు ఎండాయి. మచ్చలు మిగిలాయి గాని, కొత్త చర్మం వచ్చింది. ఇంటికి పంపే రోజున మార్తమ్మ బందరు లడ్డూ పొట్లం పట్టుకుని డాక్టరు గదికి వెళ్లింది.

"ఇవన్నీ వద్దమ్మా. కార్డు మీద చేశాం కదా," అంది ఛాయాదేవి.

"కార్డు గవర్నమెంటుదండీ. ఆ చెయ్యి మీది. పెళ్లికి రావాలి మీరు."

వచ్చింది. చర్చిలో వెనక బెంచీలో కూర్చుంది. హెలెన్ మోచేతుల దాకా మచ్చలు కనిపించే జాకెట్టే తొడుక్కుంది. ఒక్కటీ దాచుకోలేదు.

పాస్టరుగారు పుస్తకంలోంచి తలెత్తి, "ఈ స్త్రీని ఈ పురుషునికి ఇచ్చువారు ఎవరు?" అని అడిగారు.

"నేనేనండీ," అని మోకాళ్లు పట్టుకుని లేచింది మార్తమ్మ.

ఆమె తన కోడలి చేతిని ఫిన్నీ చేతిలో పెట్టింది.