టిక్కుమని ఊరుకుంటన్నాది

“తాళం తిప్పేవా?” ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని అడిగేడు దేవకుమార్.

“తిప్పేను మేస్త్రీ. టిక్కుమని ఊరుకుంటన్నాది,” అన్నాడు అవతల్నుంచి కొండబాబు.

“లైట్లేసి మళ్ళీ తిప్పు. ఎలుగు తగ్గుతాదేమో సూడు.”

“తగ్గలేదు. అలాగే ఉన్నాది.”

“అయితే బేటరీ మంచిదే. కరెంటు స్టార్టరు మోటారు దాకా పోవట్లేదు. బేటరీ కాణ్ణించి ఇంజిను బాడీకి ఎర్తు తీగొకటి దిగుతాది. దాని బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించు. తొందరేం లేదు, రేపు సెప్పు.”

“అలాగే. తిన్నావా మేస్త్రీ?”

“ఇప్పుడే ఎసరు పెట్టేను. నువ్వో?”

“పొద్దుటన్నం ఉన్నాది. అసిరమ్మే ఉంటే బండి కాణ్ణించి లెగమని ఈపాటికి కేకలేసీది,” అని నవ్వబోయి దగ్గేడు కొండబాబు.

దేవకుమార్ ఒకప్పుడు చోడవరంలో పేరున్న ఆటో ఎలక్ట్రీషియన్. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలే బళ్ళు దారిలో మొరాయిస్తే అతన్నే వెతుక్కుంటూ వచ్చేవారు. జారిపడి తుంటి విరిగాక కొట్టు మూసేసి, చర్చి వెనక ఒంటిగదిలో ఉంటున్నాడు. పలకరించేందుకు ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారొస్తారు. మిగతా రోజుల్లో ఆ ఫోనే.

కొండబాబుది వడ్డాది అవతల పొలంలో రేకుల ఇల్లు. ఒక పాత చిన్న ట్రాక్టరు. పోయినేడు భార్య అసిరమ్మ చనిపోయింది. ఆ తర్వాత ట్రాక్టరు స్టార్టవడం మానేసింది. అప్పట్నుంచీ దీపాలు పెట్టే వేళకి అతని ఫోను వస్తూనే ఉంది. ఫ్యూజులు చూశారు, తాళం స్విచ్చి చూశారు, మోటారుకి కరెంటు కలిపే సోలినాయిడ్ చూశారు. రోగం దొరకలేదు.

మర్నాడు భానుప్రకాష్ వచ్చేడు. దేవకుమార్ దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు బస్టాండు పక్కన సొంత కొట్టు నడుపుతున్నాడు.

“గురువుగారూ, కొండబాబు బండి ఇంకా లెగలేదంట గదా? రేపు వడ్డాది ఎల్తన్నాను. మీటరు పట్టుకెల్లి సూసొస్తాను.”

దేవకుమార్ ముఖం మారిపోయింది. “వద్దు.”

“పావుగంట పని. డబ్బులు కూడా తీసుకోను.”

“వద్దన్నానా? ఆ బండి సంగతి నేను సూసుకుంటాను.”

“ఎలా సూసుకుంటారు? గుమ్మం దిగలేరు,” అనేసి నాలిక కరుచుకున్నాడు భానుప్రకాష్. గొంతు తగ్గించేడు. “బజార్లో ఏటంటన్నారో తెలుసా? సిన్న స్టార్టింగు ట్రబులు కూడా పట్టుకోలేకపోతన్నాడు, దేవకుమార్ పనైపోయిందంటన్నారు. నాకు బాధగా ఉంటన్నాది.”

దేవకుమార్ చాలాసేపు తన చేతులవేపే చూసుకున్నాడు. తీగ తాకి రోగం చెప్తాడని ఊరంతా చెప్పుకున్న చేతులవి.

“అననీ. పనైపోయిందనే సెప్పు నువ్వూను. అటేపు మాత్రం ఎల్లకు. మాటియ్యి.”

“ఇదేం పంతం గురువుగారూ?”

“మాటియ్యి.”

ఇచ్చేడు. ఏమీ అర్థంకాక, పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయేడు. ఆ రోజు ఇంకెవరూ రాలేదు.

సాయంత్రం ఫోను మోగింది.

“ఎర్తు గీకేను మేస్త్రీ. అదే టిక్కు.” కొండబాబు గొంతులో ఏదో బెరుకు. “ఇంక సూడ్డానికేం మిగల్లేదేటి?”

“ఎందుకు మిగల్లేదు?” వెంటనే అన్నాడు దేవకుమార్. “క్లచ్చి పెడలు కింద సిన్న స్విచ్చుంటాది. అది పాడైతే తాళం తిప్పినా లెగదు. దాని తీగలు ఒక్కొక్కటే సూడాలి. అదయ్యాక డాష్‌బోర్డు వైరింగంతా ఉన్నాది. బోల్డంత పనుంది కొండబాబూ.”

అవతల ఊపిరి తేలికపడ్డం వినిపించింది. “అయితే రేపు ఆ స్విచ్చి సూస్తాను.”

తర్వాత వాన గురించి మాట్లాడుకున్నారు. చెరుకు గురించి, అసిరమ్మ వండే నెత్తళ్ళ పులుసు గురించి మాట్లాడుకున్నారు. దేవకుమార్ ఇక ఫోను పెట్టేద్దామనుకునేసరికి కొండబాబు అడిగేడు: “పోనీ, స్టార్టరు మోటారు విప్పి సూడమంటావా?”

“వద్దొద్దు. మోటారు బాగానే ఉన్నాది.”

“సూడకుండా నీకెలా తెలుసు మేస్త్రీ?”

“ఆ టిక్కు బట్టి తెలుస్తాదిలే. రేపు ఫోన్ చెయ్యి, మర్చిపోకు.”

“మర్చిపోను.”

ఫోను పెట్టేసి, దేవకుమార్ గోడ పట్టుకుని మెల్లగా లేచి, ఎసట్లో బియ్యం పోసేడు.

కొండబాబే విప్పి తుక్కు కొట్టుకి అమ్మేసిన ఆ ట్రాక్టరు స్టార్టరు మోటారు, కొట్టువాడు గుర్తుపట్టి తెచ్చిచ్చినప్పట్నుంచీ, చాన్నాళ్ళుగా దేవకుమార్ మంచం కిందే ఉంది.