పాట మధ్యలో ఆగకూడదు

ఆనందమ్మకి కావలసింది ఒక్కటే. ఫుల్ వాల్యూంలో పెట్టినా ఆ పాత యాంప్లిఫయర్ మధ్యలో ఆగిపోకూడదు.

"కాలిపోతుందమ్మగారూ" అన్నాడు సలాం.

బందరులో వాల్వుల సెట్లు బాగుచేసే చెయ్యి ఇక అతనిదొక్కటే మిగిలింది. ఎలకలు కొరికేసిన పాత స్పీకర్లు ఎనిమిది ఓమ్‌లవి. ఇప్పుడు అతనికి దొరికినవి నాలుగు ఓమ్‌లవి. ఓమ్‌లు తగ్గేకొద్దీ సెట్టు మీద బరువు పెరుగుతుందనీ, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే మళ్ళీ చుట్టేవాళ్ళు లేరనీ చెప్పాడు. చిన్నగా పెట్టుకుని వినమన్నాడు.

"చిన్నగా పనికిరాదండీ. ఆయనకి గట్టిగా పెట్టుకోవడమే అలవాటు."

ఆ సంగతి వీధి మొత్తానికీ తెలుసు. ఆమె భర్త సుందరరాజుగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, చర్చిలో సంఘపెద్ద. సాయంత్రం ఆ ఇంట్లో కీర్తనలు మొదలయ్యాయంటే నాలుగిళ్ళ అవతల టీవీలు వినపడేవి కావు. విసుక్కున్నవాళ్ళు లేకపోలేదు. భక్తి కదా, ఎవరేమంటారు? పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి కీర్తన మధ్యలో ఫ్యూజు కొట్టేసింది. ఎదురింటివాళ్ళు ఏమైందోనని గుమ్మంలోకి వచ్చి చూశారు. మర్నాడే ఆయన సలాం తండ్రిని పిలిపించి, సెట్టు ఇంకెప్పుడూ ఆగకుండా చూడమని మరీ మరీ చెప్పారు.

ఇప్పుడాయనకి పక్షవాతం. మాట పడిపోయింది. నోరు తెరిస్తే వట్టి అరుపే వస్తుంది. నర్సుని పెడదామంటే ఆనందమ్మ ఒప్పుకోలేదు. ముద్దలు కలిపి పెట్టడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, అన్నీ తనే. పక్కింటి కల్పనని ఆమె మొగుడు "చూసి నేర్చుకో" అని రోజూ దెప్పుతున్నాడు. పాపం, ఆ పిల్ల తన బ్లూటూత్ బాక్సు తెచ్చి ఇవ్వబోయింది కూడా. దోమ గీపెట్టినట్టుంది, ఇదెందుకమ్మా అని ఆనందమ్మ తిప్పి పంపేసింది.

చివరికి సలాం మెత్తబడ్డాడు. నాలుగు ఓమ్‌ల స్పీకర్లు రెండు తెచ్చి, ఒకదాని వెనక ఒకటిగా ఒకే వైరు మీద కలిపాడు. అలా కలిపితే రెండూ చేరి ఎనిమిదవుతాయట. రెంటినీ విడివిడిగా సెట్టుకి తగిలిస్తే రెండే అయి, సెట్టు మాడి మసైపోతుందట. ఆనందమ్మ ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. అతను స్పీకర్లని మంచం వైపు పెట్టబోతే వీధి కిటికీ వైపు తిప్పించింది.

"నలుగురికీ వినపడాలండీ. ఆయన ఎప్పుడూ అలాగే పెట్టేవారు" అంది.

సలాంకి ఆమె మీద గౌరవం రెట్టింపయింది. క్యాసెట్ పెట్టాడు.

కీర్తన మొదలవగానే మంచం మీద సుందరరాజుగారు ఉలిక్కిపడ్డారు. కళ్ళు తిప్పి భార్య వంక చూశారు. చెంపల మీదుగా నీళ్ళు ధారగా కారాయి. చూడ్డానికొచ్చిన కల్పన కూడా కళ్ళొత్తుకుంది.

"బాబాయిగారి ప్రాణమంతా ఈ పాటల్లోనే ఉంది పిన్నిగారూ."

ఆనందమ్మ అవునన్నట్టు తలూపింది.

కాసేపు మోగనిచ్చి సలాం ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉందంతే. ఇక ఎంత గట్టిగా పెట్టుకున్నా ఢోకా లేదన్నాడు. ఆ మాట వినేసరికి ఆనందమ్మకి ఎన్నాళ్ళకో గుండె నిండా ఊపిరాడింది. సంతోషం పట్టలేక ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చింది. గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చింది.

వాల్యూం చివరిదాకా తిప్పి, మంచం మీది అరుపు గోడ దాటదని రూఢి చేసుకుని, తలుపు గడియపెట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఆ కీర్తనల చాటున తన వీపు మీద ఆడిన బెల్టుని మొదటిసారి తన చేతికి చుట్టుకుంది.