డ్రైవరు సీటు

స్కూలు బస్సు తాళాలు తీసుకుని గుమ్మం దాటబోతుంటే, మా ఆయన నా సంచిలోంచి ట్యూబ్ ఒకటి తీసి, దొంగ సొత్తు పట్టుకున్నట్టు నా మొహం ముందు ఆడించాడు.

"యోని పొడిబారితే రాసుకోవాలని దీని మీదే ఉంది. రెండేళ్లుగా నన్ను దగ్గరికి రానివ్వవు. మరి ఈ వయసులో ఇదెవరి కోసం?"

నా ఒళ్లు మండిపోయింది.

"సీటు కోసం!" అని అరిచాను. "రోజంతా ఆ డ్రైవరు సీట్లో కూర్చోవాలిగా! ముట్లు ఆగినప్పటి నుంచి కూర్చుంటే మంట, లేస్తే మంట. ఒంటికి వెళ్తే ప్రాణం పోయినంత పని. ఆ భయంతో నీళ్లు తాగడమే మానేశాను."

"ఏవైనా మాత్రలు వేసుకోవచ్చుగా?"

"రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినదాన్ని, హార్మోన్లు వద్దంది డాక్టరమ్మ. అందుకే హార్మోను లేని ఈ జెల్లు రాసింది. నెల నుంచి వాడుతున్నాను. నిన్న మొదటిసారి పళ్లు బిగబట్టకుండా బస్సు నడిపాను."

ఆయన ట్యూబ్ మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అంటే నొప్పి వల్లా? నా మీద కోపమేమో అనుకున్నానే."

"రెండేళ్లూ అనుకుంటూ కూర్చున్నారు. ఏమైందని ఒక్కసారైనా అడిగారా?"

ఆయన తల దించుకున్నాడు. "ఇంకా కోపమేనా?"

నేను ట్యూబ్ తీసి సంచిలో వేసుకున్నాను.

"ఇన్నాళ్లూ కోపం లేదండీ, నొప్పే. ఇప్పుడు నొప్పి తగ్గింది. కోపం మొదలైంది."