చోటు మారని బొమ్మలు

“ఇంతకన్నా పాతది లేదామ్మా?” అన్నాడు పెద్దాయన, తెర మీది రంగులు చూసి మొహం చిట్లించి.

కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టిన ఇన్నేళ్ళలో ఆవిడను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళంతా కొత్తది కావాలనేవాళ్ళే. ఆవిడ ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టింది. మార్చాల్సింది యంత్రాన్ని కాదని, లోపల ఉండి దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌నని చెప్పింది. వాటిలో విండోస్ ఉంది, లినక్స్ ఉంది, మరీ పాతబడినవాటికి రక్షణ ఉండదు. ఎవరు వాడతారో, దేనికి వాడతారో చెబితే తగినది తనే ఎక్కిస్తానంది.

వాడేది మా పాప అన్నాడాయన.

బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఖాళీగా కూర్చున్నా చేతులు రెండూ బల్ల మీద స్టీరింగు పట్టుకున్నట్టే పెట్టుకుంటాడు. పాపకు కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పాటలు వినాలి, ఫొటోలు చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, దూరాన ఉన్న అత్తను రోజూ తెర మీద చూస్తూ మాట్లాడాలి. అత్త ఫొటో మీద నొక్కితే అత్త పలికేలా ఎవరో అమర్చి ఇచ్చారు. మొన్న ఒకరోజు కంప్యూటరు తనంతట తానే కొత్త రూపం తెచ్చుకుంది. బొమ్మలన్నీ చోట్లు మారిపోయాయి. అత్త బొమ్మ ఉండేచోట లేకపోయేసరికి, అత్త చచ్చిపోయిందనుకుని పాప అన్నం ముట్టలేదట. ఫోన్లో మాట్లాడించినా నమ్మలేదట.

“బండికి రంగు మార్చు, సీట్లు మార్చు, నేనేమీ అనను. పొద్దున్నే వచ్చి చూసేసరికి స్టీరింగు వెనకసీట్లో ఉంటే ఎలాగమ్మా?”

ఆవిడకు నవ్వొచ్చింది. పాప ఏ క్లాసని అడిగింది. బడికి పంపడం లేదన్నాడు. తన పేరు రాసుకుంటుందట, మిగతాదంతా బొమ్మను బట్టి పోల్చుకోవడమేనట. ఆవిడ ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది. ఇంకా బడి మొహం చూడలేదు కానీ, ఫోను లాక్కుని ఎక్కడ నొక్కాలో తల్లికే చెబుతుంది.

“పసిపిల్లలకి మనం నేర్పేదేముంది బాబాయ్‌గారూ. ఒక్క ఏడాది ఆగండి, మీ చెయ్యి పట్టుకుని మీకే నేర్పుతుంది. అప్పుడు పెద్దవాళ్ళు వాడేది ఎక్కిద్దాం.”

“నాకు ఎప్పుడూ పసిదే,” అన్నాడాయన. “దానికి ఇదే ఉండనీ అమ్మా. ఎప్పటికీ ఇదే.”

అప్పుడు గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. వచ్చే వారం ఆయన గుండెకు ఆపరేషను. పక్కింటావిడ పాపకు అన్నం పెడుతుంది, రాత్రి తోడు పడుకుంటుంది. అంతవరకూ బెంగ లేదు. కానీ భయం వేస్తే పాపకు అత్త కావాలి. ఇన్నాళ్ళూ ఆయన పక్కన కూర్చుని వేలు పట్టుకుని నొక్కించేవాడు.

“తిరిగొస్తావనే అంటున్నారు డాక్టర్లు. వస్తే సంతోషమే. రాకపోయినా అత్తని అది తనే పిలుచుకోగలగాలి.”

పాప అమ్మానాన్నా ఏమయ్యారని ఆవిడ నోటిదాకా వచ్చింది కానీ, అడగడం మర్యాద కాదని మింగేసింది. రోజూ దణ్ణం పెట్టుకున్నాకే కొట్టు తెరిచే మనిషి. అయినా, ఈ వయసులో ఈయన భుజాన పసిపిల్లను పెట్టడం ఏం న్యాయం స్వామీ అని లోపల అడగకుండా ఉండలేకపోయింది. పనిలో పడింది.

విండోస్ పెడితే ఎన్ని అవసరాలకైనా సరిపోతుంది, కానీ పాపకున్నవి మూడే. అందుకని లినక్స్‌లోనే సాదాసీదా రకం ఒకటి ఎంచింది. రక్షణకు కావలసిన మార్పులు చడీచప్పుడు లేకుండా లోపల్లోపలే జరిగిపోయేలా, బొమ్మలు మాత్రం ఉన్నచోటే ఉండేలా కట్టుదిట్టం చేసింది. పాస్‌వర్డ్ అడగదు. ప్రశ్నలు వేయదు. పొరపాటున ఎక్కడ నొక్కినా ఏదీ చెరిగిపోదు. తెరంతా ఖాళీ చేసి మూడు పెద్ద బొమ్మలు పెట్టింది: ఒక పక్క పాటలు, ఒక పక్క ఫొటోలు, నడుమ అత్త మొహం.

ప్రింటరు కోసం వచ్చినతను అది చూసి, ఇది కంప్యూటరా కాలింగ్ బెల్లా అని వేళాకోళమాడాడు. కాలింగ్ బెల్లే, నొక్కితే తలుపు తీసే మనిషుంటే చాలు అంది ఆవిడ.

కొట్టుకు సెలవు రోజున తనే ఇంటికి తీసుకెళ్ళింది. దారిలో ఫ్యాన్సీ షాపు దగ్గర ఆగి, పాప కోసం ఎర్ర సీతాకోకచిలుకలున్న జడ క్లిప్పులు కొంది.

ముందుగదిలో కంప్యూటరు బల్ల మీద పరిచిన దుప్పటి నేలదాకా వేలాడుతోంది. ప్లగ్గు బల్ల వెనక గోడకుంది. తెర వెలిగింది గానీ వైరు వదులుగా ఉందని ఆవిడ బల్ల కిందికి దూరింది. పైనుంచి పెద్దాయన పాపను పిలవడం వినిపించింది. గబగబా అడుగులు, కుర్చీ లాగిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఇదిగో ఇక్కడ నొక్కు అని పెద్దాయన అనలేదు. ఆవిడ చీకట్లో వైరు పట్టుకుని ఊపిరి బిగబట్టింది. బొమ్మ ఇంకాస్త పెద్దది పెట్టాల్సిందేమో. స్వామీ, ఈ ఒక్కటీ జరిపించు అనుకుంది.

టక్‌మని చిన్న చప్పుడు. అవతల ఫోను మోగింది.

“పాపా, నువ్వే పిలిచావా బంగారం?” అంది అత్త గొంతు. “ఒక్కదానివే?”

పైన గలగలమని నవ్వు. ఆ నవ్వు వెనకే పెద్దాయన ముక్కు చీదుకోవడం.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. క్లిప్పులు చేతిలోకి తీసుకుని, “పాపా, ఇలా రా, జడకి పెడతాను” అంటూ దుప్పటి పక్కకు తోసి బయటికొచ్చింది. పాప బుద్ధిగా ఆవిడ ముందు కూర్చుని తల వంచింది.

పాప జుట్టు సగం నెరిసింది.