ఆపరేషన్ వద్దన్న అమ్మ

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ముందే, తల్లి లేచిన కుర్చీ మీద రక్తపు మరక కనబడింది. కుట్టుపని చేసుకునే కూతురు సిగ్గుతో చచ్చిపోయింది.

వాళ్లు వెళ్లగానే తల్లి మీద విరుచుకుపడింది.

“ఆ గర్భసంచి తీయించుకోమంటే ఎందుకు వినవు? అది లేకుండానే పుట్టిన నేను బతకట్లేదా?”

తల్లి కుర్చీ తుడిచింది.

మర్నాడు కూతురు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ కూడా అదే అడిగింది. “ఇన్నేళ్లు ఎందుకు ఓర్చుకున్నారమ్మా?”

“దీనికి అండాలు చక్కగా తయారవుతున్నాయి, బిడ్డను మోసే సంచే లేదన్నారు కదమ్మా. ఒకరి సంచి ఇంకొకరికి పెడుతున్నారని విన్నాను. నాది దీనికి పనికొస్తుందేమోనని ఉంచుకున్నాను.”

“ఇన్ని గడ్డలున్నది పెట్టలేమమ్మా,” అంది డాక్టరమ్మ మెల్లగా.

తల్లి కూతురి వైపు తిరిగింది. “పాడు చేసుకున్నానే. ఏమీ అనుకోకు.”

కూతురు ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.